సాక్షిముక్క

పంది నోరు తెరిపించడం తేలికైన పని కాదు. అది అరుస్తుంది. ఆ అరుపు వీధి చివర క్షవరం చేయించుకుంటున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడేలా ఉంటుంది. ఇద్దరు మనుషులు దాన్ని పక్కకు పడేసి, ఒకరు ముందుకాళ్ళూ ఒకరు వెనకకాళ్ళూ అదిమి పట్టుకోవాలి. అప్పుడు మేస్త్రి వచ్చి, జానెడు కర్రను దవడల మధ్య అడ్డంగా పెట్టి, గుడ్డతో నాలుకను ఒడిసిపట్టి బయటికి లాగుతాడు. ముందు కళ్ళతో చూస్తాడు. తర్వాత కళ్ళు మూసుకుని నాలుక అడుగుభాగమంతా బొటనవేలితో, చూపుడువేలితో నిదానంగా తడుముతాడు. గింజ తగిలితే కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపుతాడు. తగలకపోతే కర్ర తీసేస్తాడు. నోరు మెదపడు. పంది ఒక్కటే అప్పటిదాకా అందరి తరఫునా మాట్లాడుతూ ఉంటుంది.

గింజ అంటే నానిన సగ్గుబియ్యమంత ఉండే చిన్న నీటిబుడగ. లోపల ఒక తెల్లచుక్క. అది బద్దెపురుగు పిల్ల. నాలుకలో ఒకటి తగిలిందంటే ఒంట్లో మిగతా కండల్లో ఇంకెన్నో ఉంటాయని, పందుల్ని కోసి అమ్మే ఆ షెడ్డులో అందరికీ తెలుసు. అలాంటి మాంసం సరిగా ఉడక్కుండా తింటే కడుపులో బద్దెపురుగు పెరుగుతుందనీ తెలుసు. వాళ్ళకు తెలిసింది అంతవరకే. మిగతా సగం వాళ్ళకెవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మేస్త్రి పని నాలుకలు తడమడమే. అందుకే నాలుకల మేస్త్రి అన్నారు. అసలు పేరు ఏ కాగితం మీదో కనిపిస్తే తప్ప పెళ్ళానికి కూడా గుర్తుకు రాదు. పొట్టి మనిషి, గట్టి చేతులు, తక్కువ మాటలు. ఆయన వేళ్ళు పడితే చాలు, ఆ పందిని కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చని చుట్టుపక్కల మాంసం కొట్లవాళ్ళంతా అనేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడ్డప్పుడల్లా ఏమీ విననట్టు కర్ర తుడుచుకునేవాడు. ఆ రోజు మాత్రం ఇంటికి కాస్త నిటారుగా నడిచి వెళ్ళేవాడు.

అయినా ఎంతటివాడి మాటనైనా శంకించే మనిషి ఎక్కడో ఒకడు ఉంటాడు. మేస్త్రి శుభ్రమన్న పందిని చూసి, ఇందులో గింజలున్నట్టున్నాయే అని కొనేవాడు నసిగాడనుకోండి. అప్పుడు సాక్షిముక్క తీసేవాళ్ళు. పందిని కోశాక భుజం నుంచి వేలెడంత ముక్క కోసి, నిప్పుల మీద అటొక క్షణం ఇటొక క్షణం ఆనించి మేస్త్రి చేతికిచ్చేవాళ్ళు. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరి ఎదుటా ఆయన అది నమిలి మింగేవాడు. దాంతో తగవు తీరిపోయేది. బాగా కాల్చుకుని తినొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. బాగా కాలిస్తే తనకే నమ్మకం లేనట్టు లెక్క. లోపల ఎర్రగా ఉండాలి, అప్పుడే అది సాక్ష్యం. ఆయనకు పని నేర్పిన పెద్దాయన అలాగే తినేవాడు, ఈయనా అలాగే తిన్నాడు. నెలకోసారో రెండుసార్లో, ముప్పై ఒక్క ఏళ్ళు.

ఇంత చేసినా శుభ్రంలో ఆయనకు ఎవరూ వంక పెట్టలేరు. పందిని ముట్టుకున్న చేతిని మోచేతిదాకా సబ్బుతో మూడుసార్లు కడిగేవాడు. షెడ్డు దగ్గర రెండుసార్లు, ఇంటి గుమ్మం పక్క కుళాయి దగ్గర ఒకసారి. కడగకుండా తలుపు కూడా తోసేవాడు కాదు. ఇంట్లో మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక మాత్రం నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించుకుని లుంగీకి తుడుచుకునేవాడు. మురికంతా పందిలోనే ఉందనుకున్న మనిషికి అంతకన్నా ఎక్కువ తట్టలేదు.

ఇంట్లో నలుగురు. మేస్త్రి, ఆయన భార్య, మంచు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు, కోడలు. కోడలు స్కూలు వ్యాను నడుపుతుంది. పసుపు రంగు వ్యాను, పద్నాలుగు మంది పిల్లలు. వాళ్ళలో ఎవరికి మలుపుల దగ్గర వాంతి వస్తుందో, ఎవరు చెప్పులు వ్యానులో వదిలేసి దిగిపోతారో అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. ఆ వీధిలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత తమ పిల్లల్ని ఆవిడ వ్యానెక్కించడానికి స్కూలువాళ్ళ చుట్టూ తిరిగారు.

ఆ కోడలు కాపరానికి వచ్చిన మొదటిరోజే భోజనాల దగ్గర చెప్పేసింది.

"నేను ఈ మాంసం తినలేనత్తయ్యా. వాసనకే కడుపులో తిప్పుతుంది."

అత్తగారు మూడు రోజులు మూతి ముడుచుకుంది. తన ఇంటి కూడు పెడుతున్న జంతువును పట్టుకుని వాసన అంటుందా అని. మేస్త్రే తేల్చాడు.

"తిననివాళ్ళు ఒకళ్ళుంటే మిగతావాళ్ళకి ఓ ముక్క ఎక్కువొస్తుంది. దీనికింత రాద్ధాంతమెందుకే?"

ఆ రోజునుంచి మామా కోడళ్ళకు కుదిరింది. సాయంత్రం నాలుగున్నరకు పిల్లల్ని దింపేసి ఆవిడ వ్యాను తాళాలు మేకుకు తగిలించేసరికి మేస్త్రి గ్లాసుడు నిమ్మరసం కలిపి ఉంచేవాడు. అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పంచదార. నిమ్మగింజలు పడితే బొటనవేలితో, చూపుడువేలితో తీసేసేవాడు. గింజ పట్టడంలో ఆ రెండు వేళ్ళ తర్వాతే ఎవరైనా. ఇంట్లో ఇంకెవరికీ ఆయన ఒక్క గ్లాసు నీళ్ళు ముంచిచ్చి ఎరగడు.

"నాకు నలభై ఏళ్ళలో ఒక్కసారి ఇచ్చారా?" అని భార్య దెప్పేది.

"నువ్వు వ్యాను నడుపు, నీకూ ఇస్తా" అనేవాడు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున్న ఏడింటికి కోడలు వ్యాను అద్దం తుడుస్తోంది. మేస్త్రి గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. ఆవిడ కుడిచెయ్యి గుడ్డతో సహా టకటకా అదరడం చూసి, మరక గట్టిగా పట్టిందేమో, రుద్దుతోంది అనుకున్నాడు. మరుక్షణం ఆవిడ బోర్లా పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్ళు తేలేసింది, పళ్ళు కరుచుకుపోయాయి. మేస్త్రి పరుగెత్తుకొచ్చి, ముప్పై ఏళ్ళుగా చేతులకు అలవాటైన పనే చేశాడు. భుజం మీద మోకాలు ఆనించి అదిమిపట్టి, నడుముకు దోపుకున్న కర్ర తీసి ఆవిడ పళ్ళ మధ్యకు తోశాడు.

పక్కింటి ఇస్త్రీ ఆవిడ కేకలేస్తూ వచ్చి ఆయన్ని పక్కకు లాగింది. ఫిట్సు రెండు నిమిషాల్లో దానంతటదే ఆగింది. కోడలి ముందుపన్ను అంచు మాత్రం విరిగింది.

"ఫిట్సు వచ్చినప్పుడు నోట్లో ఏదీ పెట్టకూడదు, అదిమి పట్టకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలంతే" అని ఆసుపత్రిలో డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. మేస్త్రి తలొంచుకుని విన్నాడు. తర్వాత డాక్టరు స్కానింగు ఫిలిం తీసి దీపానికి ఎదురుగా పెట్టాడు. మెదడు బొమ్మలో మూడుచోట్ల గుండ్రటి మచ్చలు, ఒక్కోదానిలో ఒక్కో చుక్క.

"ఇది..." అంటూ డాక్టరు మొదలుపెట్టబోయాడు.

"గింజ" అన్నాడు మేస్త్రి.

డాక్టరు ఆశ్చర్యంగా చూశాడు. "అవును. బద్దెపురుగు పిల్లలే. పంది మాంసం తింటారా మీరు?"

"మేం తింటాం. ఈ అమ్మాయి ముట్టుకోదు."

"తినకపోయినా వస్తుంది. ఇంట్లోవాళ్ళందరికీ పరీక్షలు చెయ్యాలి, మా నర్సు వస్తుంది. అమ్మా, మందులు క్రమం తప్పకుండా వేసుకో. ఏడాదిపాటు ఒక్క ఫిట్సు కూడా రాకపోతే అప్పుడు చూద్దాం. అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోవద్దు."

కోడలికి తన తలలో గింజలున్నాయన్న మాటకన్నా ఈ చివరి మాటే దెబ్బలా తగిలింది. ఏడాది! వ్యానును వేరే డ్రైవరుకు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఫిట్సు వచ్చిన మనిషి చేతికి మళ్ళీ పద్నాలుగు మంది పిల్లల్ని ఎవరిస్తారు? ఆవిడ విరిగిన పన్నును నాలుకతో తడుముకుంటూ కూర్చుంది.

మేస్త్రికి మాత్రం డాక్టరు మాటల్లో ఒకటే చెవికెక్కలేదు. తినకపోయినా వస్తుందట! ముప్పై ఒక్క ఏళ్ళలో తనకు తెలియని గింజా? ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో, భార్యా కొడుకూ ఎదుటే, ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మాయ్, నిజం చెప్పు. ఎక్కడ తిన్నావు?"

"ఏం తిన్నాను మామయ్యా?"

"బయటెక్కడో, నా చెయ్యి పడని మాంసం తినుంటావు. నేనేమీ అనను, చెప్పు."

"నేను తినలేదు."

"గింజ ఊరికే రాదమ్మా."

కోడలు ముఖం రోడ్డువైపు తిప్పుకుంది. ఇన్నాళ్ళూ ఇంట్లో తన మాటను ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఈయన నమ్ముతాడనుకుంది. ఆ సాయంత్రం ఆయన కలిపిపెట్టిన నిమ్మరసం బల్ల మీద అలాగే ఉండిపోయింది. చీమలు పట్టాక అత్తగారు పారబోసింది.

నాలుగోరోజు నర్సు వచ్చింది. స్కూటరు మీద, భుజానికి సంచితో, మాట గట్టిగా ఉండే మనిషి. నలుగురినీ కూర్చోబెట్టి, మూతలున్న నాలుగు చిన్న డబ్బాలు బల్ల మీద పేర్చింది. పరీక్షకు ఎవరి మలం వాళ్ళు ఇందులో పెట్టి ఇవ్వాలని చెప్పేసరికి అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడే ఎందుకమ్మా ముక్కు మూసుకోవడం, డబ్బా ఖాళీగానే ఉందిగా" అంది నర్సు. తర్వాత మేస్త్రివైపు తిరిగింది. "బాబాయ్, గింజలున్న మాంసం తింటే ఏమవుతుంది?"

"కడుపులో పురుగు పెరుగుతుంది."

"ఆ పురుగు గుడ్లు ఎక్కడ పెడుతుంది?"

మేస్త్రిని ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు నర్సే చెప్పింది.

"మనిషి కడుపులోనే. ఆ గుడ్లు మలంలో బయటికొస్తాయి. కంటికి కనిపించవు. ఆ మలం పంది తింటే గుడ్లు పంది కండల్లోకి చేరి గింజలవుతాయి. అదే గుడ్లు మనిషి నోట్లోకి పోతే మనిషి ఒంట్లో గింజలవుతాయి, తలలో కూడా. మీ కోడలు తిన్నది మాంసం కాదు బాబాయ్. గుడ్లు. కడుపులో పురుగున్న మనిషి చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా ముట్టుకున్న తిండిలోంచో, నీళ్ళలోంచో వచ్చినవి."

"ఎవరి చేతినుంచి?" అంది కోడలు.

"అది తేల్చడానికే ఈ డబ్బాలు. ఈ మధ్య మీలో ఎవరికైనా మలంలో తెల్లగా, చదునుగా, పావడా నాడా ముక్కల్లాంటివి పడ్డాయా?"

"ఛీ ఛీ, లేదమ్మా" అంది అత్తగారు. కొడుకు లేదన్నాడు. మేస్త్రి కిటికీలోంచి వ్యానును చూస్తూ లేదన్నాడు.

అది అబద్ధం. రెండేళ్ళుగా పడుతున్నాయి. మొదటిసారి చూసినప్పుడు ఏదో అరగలేదనుకున్నాడు. తర్వాత అదేమిటో తెలియక కాదు, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. గింజలు పట్టే మనిషి కడుపులో పురుగుందని తెలిస్తే షెడ్డులో ఇంకెవరైనా తనను లెక్కచేస్తారా? తన పరువు తన కడుపులోనే ఉండిపోనీ అని ఊరుకున్నాడు. ఊరుకున్నందువల్ల ఎవరికి ఏం జరిగిందో ఈ నర్సు వచ్చి చెప్పేదాకా తెలియలేదు. తెలిశాక కూడా నోరు పెగల్లేదు. ఇక్కడ ఆయన్ని వెనకేసుకురావడానికి నా దగ్గర ఏమీ లేదు.

మర్నాడు మూడు డబ్బాలు వెళ్ళాయి. నాలుగోది అలమరలో ఉండిపోయింది. రేపన్నాడు, ఎల్లుండన్నాడు, విరేచనం కాలేదన్నాడు, అయింది గాని డబ్బా కనిపించలేదన్నాడు.

"పందుల నోళ్ళన్నీ తెరిచే మనిషికి ఈ డబ్బా మూత తెరవడం చేతకాలేదు!" అని భార్య ఎత్తిపొడిచింది. ఆయన ఇంకో పని కూడా చేశాడు. నిమ్మరసం కలపడం మానేశాడు. నిమ్మకాయలు బాగా రావడంలేదన్నాడు. బుట్టలో ఎనిమిది కాయలు నిగనిగలాడుతూనే ఉన్నాయి.

డబ్బాలిచ్చిన పదోరోజు నర్సు షెడ్డుకు వచ్చింది. ఆ షెడ్డులో బయటినుంచి వచ్చే పందులు కాక సొంతంగా పెంచేవి నలభైదాకా ఉంటాయి. ఆవిడ అంతా తిరిగి చూసి, ఇక్కడ పనిచేసేవాళ్ళకు మరుగుదొడ్డి ఎక్కడని అడిగింది. కాళ్ళు పట్టుకునే మనిషి ఒకడు గడ్డంతో వెనకగోడ వైపు చూపించాడు. గోడ వెనక ఖాళీ జాగా, తుప్పలు. అక్కడే షెడ్డు పందులు ముట్టెలతో నేలను పెళ్ళగిస్తూ తిరుగుతున్నాయి.

"గింజలు ఎక్కువగా ఏ పందుల్లో తగులుతున్నాయి బాబాయ్?" అంది నర్సు.

మేస్త్రి మనసులో లెక్క వేసుకున్నాడు. పూర్వం ఏడాదికి మూడో నాలుగో తగిలేవి, అవీ దూరంనుంచి తెచ్చినవి. ఈ రెండేళ్ళుగా నెలకు రెండేసి తగులుతున్నాయి. అన్నీ షెడ్డు పందులే. మేత బాగాలేదని మేతవాడిని నానామాటలూ అన్నాడు. పాపం అతను ఏడ్చినంత పనిచేసి ఇంటికి పోయాడు. తాను పొద్దున్నే గోడ వెనకకు వెళ్ళి వచ్చి, పదింటికి అదే గోడ వెనక పెరిగిన పందుల నాలుకలు లాగి గింజలు పట్టుకుంటున్నాడు. పట్టుకున్నందుకు మెప్పు కూడా పొందుతున్నాడు.

"ఇక్కడివే" అన్నాడు. ఆ మాట ఆయనకే వినపడనంత నెమ్మదిగా వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి కోడలు మెట్ల మీద కూర్చుని ఉంది. కొత్త డ్రైవరు వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపి, గేరు కరకరలాడించి, దిగి వెళ్ళిపోయాడు. ఆ చప్పుడుకు ఆవిడ పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. మేస్త్రి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే అడిగింది.

"మామయ్యా, రెండు మాటలడుగుతాను, కోప్పడకండి. మీ డబ్బా ఎందుకివ్వలేదు?"

ఆయన సబ్బు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"సరే, అది వదిలెయ్యండి. నిమ్మరసం ఎందుకు మానేశారు?"

ఇక ఆయన దగ్గర ఉన్నదల్లా నిజం ఒక్కటే. కుళాయి కట్టేసి, తడిచేతులతోనే ఆవిడ పక్కన కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"రెండేళ్ళుగా పడుతున్నాయమ్మా."

"ఏవి?"

"నాడా ముక్కలు."

ఎదురుగా వ్యాను అద్దం మీద దుమ్ము. కొత్త డ్రైవరు తుడవడు.

"ఆటోలో నన్నేమన్నారో గుర్తుందా?"

"ఉంది."

"గింజ ఊరికే రాదన్నారు."

"అన్నాను. ఊరికే రాలేదమ్మా, నా చేతినుంచే వచ్చింది." ఆయన తన తడిచేతులు చూసుకున్నాడు. "నీ తలలోకి నేనే పంపాను."

కోడలు లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు, గట్టిగా ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని ఆయన అక్కడే చీకటి పడేదాకా కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్న నాలుగో డబ్బా తానే స్వయంగా తీసుకెళ్ళి ఆసుపత్రిలో ఇచ్చాడు. బల్ల వెనక కూర్చున్న మనిషి అక్కడ పెట్టండన్నాడు. అంతే. దీనికోసమా పది రోజులు చచ్చిపోయాను అనుకున్నాడు మేస్త్రి.

ఫలితంలో కొత్త సంగతేమీ లేదు. మిగతా ముగ్గురికీ ఏమీ లేదు, ఆయనకు ఉంది. నర్సు మాత్రలు తెచ్చి తన ఎదుటే మింగించింది.

"మింగారా? నోరు తెరవండి. ఊఁ, నాలుక పైకెత్తండి."

మేస్త్రి నాలుక పైకెత్తాడు. నర్సు టార్చి వేసి, ముందు ఎడమపక్క, తర్వాత కుడిపక్క, నిదానంగా చూసింది. గుమ్మంలో నిలబడ్డ భార్యకు నవ్వాగలేదు.

"కాళ్ళు పట్టుకోమంటారా నర్సమ్మా?" అంది.

నర్సు కూడా నవ్వేసింది. మేస్త్రి నవ్వలేదు. కోడలు వంటింట్లోనే ఉండిపోయింది.

పురుగు మర్నాడు ముక్కలు ముక్కలుగా పడింది. మేస్త్రి ఆ వారంలోనే షెడ్డులో కొట్లవాళ్ళంతా ఉన్న పూట చూసుకుని, కర్ర కింద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తన కడుపులో పురుగు సంగతి, గోడ వెనక సంగతి, కోడలి సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం ఎవరూ వినలేదు. తల తీసేసినట్టుంది గాని మధ్యలో ఆపలేదు.

"మరి నీ వేళ్ళను నమ్మి ఇన్నేళ్ళు కొన్నాం కదయ్యా!" అన్నాడు అందరికన్నా పెద్ద కొట్టాయన.

"వేళ్ళు తగిలినదాన్నే చెబుతాయి. నాలుకలో లేకుండా భుజంలో ఉన్న గింజ నాకెలా తెలుస్తుంది? అలాంటి భుజమే నేను ఏదో ఒక రోజు పచ్చిగా తిన్నాను. ఇక సాక్షిముక్క తినను. మీ కొట్లలో కూడా చెప్పండి, లోపల ఎర్రదనం ఉన్న ముక్క ఎవరూ నోట్లో పెట్టకూడదు."

"సాక్షిముక్క లేకపోతే తగవెలా తీరుతుంది?"

"తీరకపోతే ఆ పంది కొనకండి."

కొందరు ఛీ అన్నారు. ఇద్దరు కొట్లవాళ్ళు వేరేచోట కొనడం మొదలుపెట్టారు. మేతవాడు మాత్రం వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. మేస్త్రి అతన్ని అందరి ఎదుటా క్షమించమని అడిగాడు. నర్సు పట్టుబట్టి షెడ్డులో పనిచేసే అందరికీ డబ్బాలిచ్చింది. ఇంకో ఇద్దరికి పురుగు బయటపడింది, ఆ ఇద్దరూ కూడా సాక్షిముక్కల్లో మిగిలింది రుచి చూసినవాళ్ళే. మూడు నెలలు తిరిగి తిరిగి మేస్త్రి గోడ పక్కన మరుగుదొడ్డి కట్టించాడు, దాని తలుపు దగ్గర కుళాయి, సబ్బు. పందులు అటు పోకుండా కంచె వేయించాడు. సబ్బు రెండుసార్లు ఎవరో ఎత్తుకుపోయారు. మూడోసారి దానికి బెజ్జం పెట్టి తాడుతో కట్టాడు.

ఇదంతా బాగానే ఉంది. ఇంట్లో మాత్రం ఏదీ కుదురుకోలేదు. కోడలు రోజూ రెండుపూటలా మాత్రలు వేసుకునేది. స్కూలువాళ్ళు మంచివాళ్ళు, పిల్లల్ని ఎక్కించి దింపే పని ఇచ్చారు. తన వ్యానులోనే వెనక సీట్లో కూర్చుని, వేరేవాడు మలుపు తప్పుగా తిప్పుతుంటే నోరు మూసుకుని చూసేది. మామగారితో భోజనానికి రండి, మీకు ఫోనొచ్చింది అన్నంతవరకే మాట. రెండు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేసి ఆయనకేమీ లేదన్నారు. ఆ కాగితం ఆయన బల్ల మీద ఆవిడకు కనపడేలా పెట్టాడు. ఆవిడ చదివి, దాని మీద మందుల సీసా పెట్టి, పని మీద వెళ్ళిపోయింది. నిమ్మకాయలు ఆయన కొంటూనే ఉన్నాడు. ఎండిపోతే పారేసి మళ్ళీ కొనేవాడు. కలపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఏడాది మీద రెండు నెలలకు కొత్త స్కానింగు తీశారు. రెండు గింజలు కరిగిపోయాయి, ఒకటి ఎండి మచ్చగా మిగిలింది. ఫిట్సు మళ్ళీ రాలేదు. ఒక్క మాత్ర మానకుండా వేసుకోవాలని చెప్పి, నడపవచ్చని డాక్టరు రాసిచ్చాడు. సోమవారం పొద్దున్న ఆవిడ వ్యాను అద్దం లోపలా బయటా తుడిచి, సీటు ముందుకు జరుపుకుని, గేరు మార్చింది. చప్పుడే లేదు. మేస్త్రి గుమ్మంలో నిలబడి వ్యాను మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ రోజు షెడ్డుకు వెళ్ళలేదు.

నాలుగున్నరకు ఆవిడ వచ్చి తాళాలు మేకుకు తగిలించింది.

"మామయ్యా, నిమ్మకాయలున్నాయా?"

ఆయన గబగబా లేచాడు. "ఉన్నాయమ్మా." కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. వచ్చి కత్తి తీసుకోబోతుంటే ఆవిడ అంది.

"కడుక్కున్నారా?"

"కడుక్కున్నాను."

"నేను చూడలేదు."

ఆయన మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఆవిడ వెనకే వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన సబ్బు రాసి, వేళ్ళ సందులు రుద్ది, కడిగి చూపించాడు.

"గోళ్ళలో."

మూడోసారి కడిగాడు. కాయ కోసి అరచెక్క పిండాడు. ఒక గింజ గ్లాసులో పడింది. ఆయన రెండు వేళ్ళూ అలవాటుగా గ్లాసుమీదకు వెళ్ళి, మధ్యలో ఆగిపోయాయి. చుట్టూ చూసి చెంచా అందుకున్నాడు. చెంచాలోంచి గింజ రెండుసార్లు జారింది. ఆవిడ తొందరపెట్టలేదు. గింజ తీసి, ఉప్పూ పంచదారా కలిపి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగాడు.

కోడలు గ్లాసు తీసుకుని నిలబడే సగం తాగింది. కాస్త ఆగి, మిగతాదీ తాగింది. ఖాళీ గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"రేపు పంచదార కొంచెం తగ్గించండి" అంది.